యస్ మేడమ్, మనిషి స్వేచ్ఛాజీవే

మా బ్యాచ్‌లు విమానాల కొద్దీ కెనడాలో దిగుతున్న ఆ రోజుల్లో, సొంతంగా నిర్ణయం తీసుకోవడమంటే సీనియర్‌ని అడగడమే అనుకునేవాళ్ళం. ఏ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండాలో, ఏ జాకెట్ కొనాలో, ఏ బియ్యం వండాలో అన్నీ వాళ్ళే చెప్పేవారు. నేను చదివిన గ్వెల్ఫ్‌లో మా సీనియర్ అన్న ఒకాయన (ఇంట్లో కూడా దుప్పటి కప్పుకునే తిరిగేవాడు కాబట్టి స్వామీజీ అనేవాళ్ళం) నా కంప్యూటర్ కోర్సుల మధ్య ఒక ఫిలాసఫీ ఎలెక్టివ్ ఇరికించాడు. "తీస్కోరా, రాత పరీక్ష లేదు. లాస్టుకు మేడమ్ ముంగట కూసొని మాట్లాడుడే," అన్నాడు. నాకు రానిదే మాట్లాడడమన్న సంగతి అప్పుడు ఇద్దరికీ తట్టలేదు.

ఆ కోర్సంతా మూడు వందల ఏళ్ళ కిందటి ఒక తత్వవేత్త గురించి. మనిషిని నడిపించేది బుద్ధి కాదు, భయం, ప్రేమ, కోపం, ఆశ. బుద్ధి వాటి వెనకాల సంచి మోసుకుంటూ వస్తుందని ఆయన వాదన. అయినా సరే, ఎవరూ బలవంతపెట్టకుండా తన ఇష్టం కొద్దీ చేసిన పని స్వేచ్ఛగా చేసినట్టేనట. (చదివినంతసేపూ అర్థమైనట్టే ఉండేది, పుస్తకం మూస్తే ఏమీ మిగిలేది కాదు.) కనాటా అనే ఊళ్ళో ఒక కంపెనీ నాకు కో-ఆప్ ఉద్యోగం, అంటే చదువులో భాగంగా జీతమిచ్చే కొలువు, ఇస్తానంది, కాకపోతే అన్ని కోర్సులూ పాసవ్వాలి. ఈ ఒక్కటి పోతే అదీ పోతుంది. అందుకని నోట్సంతా బట్టీ పట్టి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మేడమ్ గదికి వెళ్ళాను.

మా వరంగల్ కాలేజీ వైవాల్లో నేను నేర్చుకున్న సూత్రం ఒకటే. ఎదుట కూర్చున్నవాళ్ళు ఏమన్నా కాదనకూడదు, కాదంటే మార్కులు తెగుతాయి. ఉద్వేగాలే మనిషిని నడిపిస్తాయంటావా అని మేడమ్ ఇంగ్లీషులో అడిగారు. యస్ మేడమ్ అన్నాను. అయితే మనిషికి స్వేచ్ఛ లేనట్టేనా అన్నారు. యస్ మేడమ్. ఉందని కూడా అనొచ్చు కదా అన్నారు. యస్ మేడమ్. ఆవిడ కళ్ళజోడు తీసి, నువ్వు మర్యాద కోసం ఒప్పుకుంటున్నావు కదూ అన్నారు. దానికీ యస్ మేడమ్ అనేశాను. కనాటా ఉద్యోగం చేజారిపోతున్నట్టే అనిపించింది.

"ఒక్కసారి నా మాట కాదను చూద్దాం. అంతే చాలు," అన్నారావిడ.

ఆ చలిలో నాకు చెమటలు పట్టాయి. కాదంటే సూత్రం తప్పుతుంది, అనకపోతే కోర్సు తప్పుతుంది. బట్టీ పట్టిందేదీ అక్కరకు రాలేదు. ఏడుపొచ్చేంత భయంలో నోటికొచ్చింది అనేశాను.

"మీరు కాదనమన్నారని కాదంటే, అదీ మీ మాట విన్నట్టే కదా మేడమ్. అందులో నా స్వేచ్ఛేముంది?"

ఆవిడ కుర్చీ కదిలేలా నవ్వారు. నాతో ఇప్పుడు వాదించావు, గమనించావా అన్నారు. నేను గమనించలేదు. పాసయ్యావు, వెళ్ళు అన్నారు. బయటికొచ్చి మంచులో నిలబడి, గుండెల మీది బండ దించుకున్నవాడిలా పిచ్చిగా నవ్వుకున్నాను.

ఇక ఎవరినైనా కాదనగలనని ఆ సాయంత్రమంతా పొంగిపోయాను. పార్ట్‌టైమ్ చేసే కాఫీ షాపుకు వెళ్ళేసరికి మా సూపర్‌వైజర్, ఫిలిప్పీన్స్ ఆంటీ ఒకావిడ, మనవరాలి బాప్తిస్మం ఉంది, ఆదివారం తన షిఫ్ట్ చేసిపెడతావా అని అడిగింది. ఆదివారమే మా బేస్‌మెంట్ కుర్రాళ్ళు నేను పాసైనందుకు బిర్యానీ వండుతామన్నారు. కాదనడానికి నోరు తెరిచాను. ఆవిడ ముఖం చూశాను. సరే ఆంటీ అన్నాను. అందులో భయం లేదు, మర్యాదా లేదు. ఆవిడ ఆ చర్చిలో ఉండాలనిపించింది, అంతే.

ఇప్పుడు మేనేజర్ ముందూ, మా ఆవిడ ముందూ రోజుకు ఎన్నిసార్లు తలూపుతానో. వాటిలో నా ఇష్టం కొద్దీ ఊపినవెన్నో చెప్పలేను. ఆ ఆదివారం బిర్యానీ వదులుకుని, ఈల వేసుకుంటూ కప్పులు కడిగిన కుర్రాడైతే చెప్పగలిగేవాడు. వాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా.