చెరిపెయ్యని ఆరు అక్షరాలు

నలభై దాటాక చదువు నేర్చుకున్నాను. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం నందికొట్కూరులో ఒక కంప్యూటర్ సెంటర్‌లో ఊడ్చే పని చేస్తూ, రోజూ కీబోర్డులు తుడుస్తూ పట్టుకున్నాను.

ఒకరోజు పక్కగదిలో కాగితాలన్నీ దాచిపెట్టే పెద్ద డిస్కుతో కంప్యూటర్లకు సంబంధం తెగిపోయింది. రైతుల భూమి కాగితాలేవీ తెరుచుకోలేదు.

"ఈమే సార్, చీపురుతో వైరు లాగేసింది. కండ్లు యాడ పెట్టుకోని ఊడుస్తాండావమ్మా?" అన్నాడు ఆపరేటర్.

"రేపట్నించి పనికి రావద్దు" అన్నారు సెంటర్ నడిపే సారు.

నాకు ఒళ్లు మండిపోయింది. అన్నీ ఆగిపోయే ముందు ఆపరేటర్ టైపు చేసింది అతని కంప్యూటర్ నల్లటి తెరమీద అట్లాగే ఉంది. నాకు చదువు రాదనుకుని చెరపలేదు.

"నేను వైరు తాకలేదు సార్. ఈడ చివర ఏముండాదో సూడండి. ఎల్, ఓ, జీ, ఓ, యూ, టీ" అని వేలుపెట్టి చదివాను.

సారు వంగి చూశారు. "లాగౌట్ కొట్టి డిస్కును విడగొట్టింది నువ్వా? ఆమె మీద చెప్తాండావా?" అని ఆపరేటర్‌ మీద అరిచారు.

నా పని నిలబడింది. ఆపరేటర్ మాత్రం, "చదువొచ్చని ముందే చెప్పొచ్చు గదమ్మా" అన్నాడు. తప్పయిందని మాత్రం అనలేదు. ఆ కోపం నాకు ఈ రోజుకీ చల్లారలేదు.