జూమ్ మేస్త్రి

బాలస్వామి చేతికి టచ్ ఫోను రాకముందు మంచి మేస్త్రే. ఈ మాట నేను ఎక్కడైనా చెబుతాను. వినుకొండ చుట్టుపక్కల మిరప చేలకు ఆడకూలీల జట్లను తీసుకెళ్లే మేస్త్రుల్లో, సాలు పొడుగునా కూలీల వెంట నడిచేవాడు ఆయనొక్కడే. "పచ్చికాయ ముట్టుకోకండమ్మా, తొడిమ ఊడకుండా కొయ్యండి" అంటూ వెనకే తిరిగేవాడు. ఎవరి ఒడి నిండినా కాయ తానే మోసుకెళ్లి గట్టున పరిచిన పట్టా మీద పోసేవాడు. ఆ జట్టును పొద్దున చేలో దింపి సాయంత్రం ఇళ్లకు చేర్చే ఆటో నాది. మధ్యలో బేరాలు దొరకవు కాబట్టి అక్కడే ఉండిపోతాను. అందుకే ఆయన ఎలా పాడైపోయాడో దగ్గరుండి చూసే భాగ్యం నాకు దక్కింది.

అప్పటికి మా ఊళ్లో అందరివీ బటన్ ఫోన్లే. గుంటూరులో ఉండే ఆయన బావమరిది కొత్త ఫోను కొనుక్కుని, మూలన గాజు పగిలిన పాతదాన్ని ఈయన చేతిలో పెట్టాడు. ఆ ఆదివారం దాన్ని చొక్కా జేబులోంచి సగం బయటికి కనపడేలా పెట్టుకుని చర్చికి వెళ్లాడట. పాస్టరు గారు ప్రసంగం చేస్తుంటే ఫొటో తీసి, రెండు వేళ్లు అద్దం మీద పెట్టి విప్పాడు. పాస్టరు గారు పెద్దగా అయ్యారు. ఇంకా విప్పితే ఆయన మీసం ఒక్కటే మిగిలింది. "జూమ్ అంటే ఇదీ" అని పక్కవాళ్లందరికీ చూపించాడు. ఆ రోజు ప్రసంగం దేని మీదని అడిగితే చెప్పలేడు గానీ, మీసంలో తెల్లవెంట్రుకల సంగతి మాత్రం వారమంతా చెప్పాడు.

ఆ మర్నాటి నుంచి చేలోకి దిగడం మానేశాడు. మోటారు షెడ్డు నీడన నులక మంచం వాల్చుకోవడం, అక్కణ్ణుంచే ఒక ఫొటో తీయడం, దాన్ని వేళ్లతో విప్పి పరిశీలించడం, కేకేయడం. "జూమ్ ఉండగా ఎండలో తిరగడం దేనికి అష్రఫూ?" అని నన్నే అడిగేవాడు. ఆయన జట్టు, ఆయన ఫోను. నేనేమంటాను?

ఒకరోజు ఫోను కళ్లకు ఆనించుకున్నంత పని చేసి గట్టిగా అరిచాడు. "ఏమ్మా నీలం చీరా! ఆ గట్టు పక్కన! పొద్దుట్నుంచి చూస్తన్నా, చెయ్యి కదపవేం? కూలీ ఊరికే వస్తుందా?"

చేలో నవ్వులు మొదలయ్యాయి. జట్టులోకల్లా పెద్దది పున్నమ్మ. ఆవిడ నడుం నిటారుగా చేసి కేకేసింది. "అది దిష్టిబొమ్మరా అబ్బాయ్! నా పాత చీర అడిగి పట్టుకెళ్లి కట్టింది నువ్వే గదా!"

బాలస్వామి సిగ్గుపడ్డాడనుకుంటే పొరపాటే. ఎండకు అద్దం మసగ్గా కనపడిందని తేల్చి, మర్నాడు గొడుగు కూడా తెచ్చుకున్నాడు.

ఆయన రెబ్కా జోలికి రాకుండా ఉంటే ఇవన్నీ చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. రెబ్కాకు మాట తక్కువ, చెయ్యి చురుకు. మొగుడు మంచాన పడ్డాక ఆ ఇల్లు ఆమె కూలి మీదే నడుస్తోంది. రెండో కోత జోరుగా సాగుతుండగా ఒక మధ్యాహ్నం బాలస్వామి ఫొటో విప్పి చూశాడు. సాల్లో ఇద్దరాడవాళ్లు తలలు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. ఒకరు రెబ్కా, ఒకరు ఖాదర్‌బీ.

"నడిచేలో కూర్చుని కబుర్లా! రెబ్కా, నీ సాలొదిలి ఆవిడ సాల్లోకి వెళ్లింది నువ్వేగా, రేపట్నుంచి నువ్వు ఆటో ఎక్కొద్దు" అని అరిచాడు.

రెబ్కా పరుగున వచ్చింది. "కబుర్లు కాదు బాబాయ్, ఖాదర్‌బీ కంట్లో కారం పడింది."

"ఇదిగో ఫొటో! ఇంత రుజువు చేతిలో పెట్టుకుని నీ మాట వినాలా?"

ఎర్రటి కన్నుతో ఖాదర్‌బీ కూడా వచ్చి చెప్పింది. మిరపకాయ కోసిన చేత్తో చెమట తుడుచుకుంటే కారం కంట్లోకి పోయింది. రెబ్కా కొంగు ఉండ చుట్టి, నోటితో వెచ్చగా ఊది, కంటికి అద్దింది. మిరప చేలో ఒకరికొకరు చేసుకునే వైద్యం ఇదే. బాలస్వామి కంటికి కూడా పున్నమ్మ ఎన్నిసార్లు అద్దిందో. అయినా "ఇద్దరూ కూడబలుక్కున్నారు" అన్నాడాయన. నాకు ఒళ్లు మండిపోయింది. బద్ధకస్తురాలని ఒక జట్టు దించేసిన మనిషిని ఇంకో మేస్త్రి ఎక్కించుకోడు. ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు.

సాయంత్రం చేను ఆసామి బుడాన్ గారు కల్లం దగ్గరికి వచ్చారు. బాలస్వామి ఎదురెళ్లి ఫోను చేతిలో పెట్టాడు. "చూడండి సాయిబు గారూ, మీ చేలో పని ఎట్లా జరుగుతుందో. అందుకే ఈవిణ్ణి మానిపించేశా."

బుడాన్ గారికి టచ్ ఫోను కొత్త. "ఇది నా చేనేనా? ఏ సాలు?" అంటూ అద్దం మీద రెండు వేళ్లు ఆనించి దగ్గరికి లాగారు. బొమ్మ చిన్నదైపోయి ఫొటో మొత్తం బయటపడింది. పైన ఎక్కడో చేను, అందులో చీమల్లా ఆడవాళ్లు. కింద సగం ఫొటో నిండా, ఒకదాని మీద ఒకటి వేసుకున్న రెండు పాదాలు, మంచం పట్టె, ఖాళీ టీ గ్లాసు.

"ఈ కాళ్లెవరివి మేస్త్రీ?" అన్నారు బుడాన్ గారు.

జట్టంతా మెడలు చాచింది. "గోళ్లు కూడా ఎంత తేటగా పడ్డాయో!" అంది పున్నమ్మ. బాలస్వామి గబుక్కున ఫోను వెనక్కి తీసుకున్నాడు.

"రెబ్కా రేపు రావాల్సిందే. నువ్వు సాల్లో ఉండు. లేదంటే ఇంకో మేస్త్రిని చూసుకుంటా" అని బుడాన్ గారు కాయ చూడ్డానికి వెళ్లిపోయారు.

అందరూ ఆటో ఎక్కారు. రెబ్కా ఎక్కలేదు. బాలస్వామి ఎదురుగా వచ్చి నిలబడింది.

"బాబాయ్, మధ్యాహ్నం పెద్దది చేసి చూశావుగా. ఇప్పుడూ చెయ్యి. కబుర్లు చెప్పే నా నోరు ఎక్కడుందో చూపించు."

ఆయన తల వంచుకుని రెండు వేళ్లతో విప్పాడు. ఇద్దరాడవాళ్లూ పెద్దగా అయ్యారు. ఇంకా విప్పాడు. రెబ్కా చీర ఎరుపంతా గళ్లు గళ్లుగా చెదిరిపోయింది. ఇంకా విప్పాడు. మొహం ఉండాల్సిన చోట గోధుమరంగు గళ్లు తప్ప ఏమీ లేదు. నేను హారన్ కొట్టలేదు. ఆటోలో ఎవరూ తొందరపెట్టలేదు.

"కనపడ్డం లేదమ్మా" అన్నాడు చివరికి, ఫోనులోకే చూస్తూ.

"ఇక్కడున్నా బాబాయ్" అంది రెబ్కా. "ఇటు చూడు."

బాలస్వామి తలెత్తడానికి చాలాసేపు పట్టింది.