గోడవతలి నవ్వు

ముందు నవ్వు వినబడింది. ఒకరిద్దరిది కాదు, క్లాసంతటిదీ. చినుకుల్లా మొదలై, గోడ పొర్లి, స్టాఫ్ రూమ్‌లోని టీ కప్పుల దాకా వచ్చింది. ఆ వెనకే తలుపు తోసుకుని ఆమె వచ్చింది.

"విన్నావా తమ్ముడూ? ఆ కొత్త టీచరమ్మ నా సినిమా హాలు అమ్మేస్తోంది!"

మా బిజినెస్ స్కూల్లో ఆమెను బేరాల మేడమ్ అంటారు. బేరమాడడం నేర్పడమే ఆమె పని. బజార్లో మాత్రం చెప్పిన ధరకే వంకాయలు తెస్తుందని వాళ్ళాయన ఆటపట్టిస్తాడు.

మూతపడిన సినిమా హాలు అమ్మకం ఆమె అల్లిన పాఠం. సగం క్లాసు అమ్మేవాళ్ళు, సగం కొనేవాళ్ళు. ఏటా కొత్త విద్యార్థులకు తొలి క్లాసు అదే, చెప్పేదీ ఆమే.

నిరుడు డైరెక్టర్ గారికి నాలెడ్జ్ మేనేజ్‌మెంట్ మీద మనసు పడింది. పాఠాలు తలల్లోనే ఉండిపోతే మనిషితో పాటే గేటు దాటిపోతాయని, అన్నీ కంప్యూటర్లో ఒకేచోట పెట్టించారు. లైబ్రరీలో కూర్చుని ఆ చోటును చూసుకునేది నేనే. మేడమ్ కూడా తన పాఠం ఇచ్చింది, ఒక్కటి మింగేసి. బేరం కుదిరాక రెండు జట్లచేతా కుర్చీలు మార్పించి మళ్ళీ బేరమాడిస్తుంది. "అసలు రుచి అదే. అది నాదే," అని నా చెవిలో వేసింది.

కంప్యూటర్లోంచి ఆ పాఠం తీసుకుని పక్క గదిలో చెబుతున్న కొత్త టీచర్‌కు అది సగంలో తెగినట్టు అనిపించిందట. తనే ఒక ముగింపు అల్లుకుంది. బేరమయ్యాక ఎవరేం దాచారో ఎదుటివాళ్ళకు పైకి చెప్పాలి. ఆ నవ్వు దానికే. ఆ సాయంత్రమే ఆ ముగింపును అందరికీ కనబడేలా కంప్యూటర్లో పెట్టేసింది, పైన మేడమ్ పేరు రాసి మరీ.

"నా పేరెందుకట? జాలా?" అంది మేడమ్. మళ్ళీ తనే, "ఇన్నేళ్ళలో నాకు తట్టలేదే!" అంది.

ఇక ఆ గది ముందు ఆమె నడక నెమ్మదించింది. "ఆ అమ్మాయి చెప్పుల చప్పుడు చూడు, వరండా తన సొంతమైనట్టు!" అనేది. అసూయ ఆమె ముఖంలో, నీళ్ళలో నీడలా, చెదిరి మళ్ళీ అతుక్కునేది.

ఈ ఏడు తొలి క్లాసు ఆ అమ్మాయికిచ్చారు.

ముందురోజు మేడమ్ లైబ్రరీకొచ్చింది. కిటికీలోంచి వచ్చిన ఎండ ఆమె చేతుల మీద వాలి ఉంది.

"కుర్చీల సంగతి ఇప్పుడు చేర్చొచ్చా?"

"చేర్చొచ్చక్కా."

"పాత తేదీ వేసి?"

"తేదీ కంప్యూటర్ వేస్తుంది. మనం మార్చలేం."

"దానికీ నామీద కక్షే!"

తనే కూర్చుని టైపు చేసింది. రాసింది చెరిపింది. మళ్ళీ రాసింది, పాఠం చెప్పేవాళ్ళు ఎక్కడ మౌనంగా ఉండాలో కూడా. లేచి, కొంగు సర్దుకుంటూ నావైపు చూడకుండా అంది:

"రేపు తను క్లాసుకెళ్ళేలోపే చూసుకోమను. బాగా చెప్పిందని మాత్రం నాతో అనకు."