మర్యాదకు పెరిగిన చేపలు

ఆ ఏడు మా లెక్క ప్రకారం నెల్లూరు తీరంలో కానాగడత చేపలు పెరిగాయి. సంఖ్యలో కాదు, పొడవులో. అంతకుముందు ఏడు కూడా పెరిగాయి. దానికి ముందు ఏడూ అంతే. ఇదే తీరున పోతే మరి కొన్నేళ్ళకు ఒక్కో కానాగడతను ఇద్దరు మనుషులు మోసుకురావలసి వస్తుందని నేను ఒకసారి సమావేశంలో అన్నాను. మా పై అధికారి దాన్ని అభినందనగా స్వీకరించి చిరునవ్వు నవ్వారు.

లెక్క అంటున్నది ఒక కంప్యూటర్ నమూనాను. సముద్రపు నీటి వేడిమి, నీటిలోని పచ్చదనం ఉపగ్రహం నుంచి వస్తాయి. ఏ చేప దేన్ని తిని బతుకుతుందో పాత పరిశోధనల నుంచి తీసుకుంటాం. ఒడ్డుకు చేరిన చేపల పొడవును పల్లెల్లో మా మనుషులు కొలిచి పంపుతారు. ఇవన్నీ కలిపితే, ఈ తీరం ఎంత వేటకు తట్టుకోగలదో ఒక అంచనా వస్తుంది. ఆ కలిపే పనికి జీతం తీసుకునేది నేనే.

వీటిలో పొడవుకు ఉన్న ప్రాధాన్యం చెప్పాలి. వేట మితిమీరిన చోట చేపను పెద్దదయ్యేదాకా బతకనివ్వరు. కాబట్టి సగటు పొడవు తగ్గుతుంది. సగటు పెరిగితే వేట తక్కువగా ఉన్నదని, సముద్రం కులాసాగా ఉన్నదని నమూనా అర్థం చేసుకుంటుంది. దానికి అనుమానించే తెలివి లేదు. ఆ పని మనుషులది. మా కార్యాలయంలో ఆ ఉద్యోగం చాలా కాలంగా ఖాళీగా ఉన్నది.

"చూశారా మేడం, మన నిర్వహణ ఫలితం!" అన్నారు అధికారి, తెరమీద పైకి పోతున్న గీతను చూపిస్తూ. నాకు తెలిసి ఆయన నిర్వహించినవన్నీ సమీక్షా సమావేశాలే. సమీక్షలు జరిపితే చేపలు పొడవు పెరుగుతాయని జీవశాస్త్రంలో ఇంకా ఎవరూ నిరూపించలేదు.

గీత ఊరికే పైకి పోతే నాకేమీ అభ్యంతరం ఉండేది కాదు. ఒడ్డుకు దగ్గరగా ఉన్న నీళ్ళు చిన్న ఫైబర్ బోట్లవి. పెద్ద మరబోట్లు ఒక హద్దు దాటి లోపలికి రాకూడదు. ఆ హద్దును ఒడ్డువైపు జరపమని మరబోట్ల యజమానులు ఎప్పటినుంచో అడుగుతున్నారు. ఇప్పుడు మా గీతను చూపించి, చేపలు పుష్కలంగా ఉన్నాయి గనుక హద్దును జరపవచ్చునని అధికారి ఒక ప్రతిపాదన తయారు చేయించారు. దానికి 'పర్యావరణ వ్యవస్థ ఆధారిత నిర్వహణ' అని పేరు పెట్టారు. ఆ మాటను ఆయన ఏదో శిక్షణా తరగతిలో నేర్చుకున్నారు. కొత్త కళ్ళజోడు పెట్టుకున్న మనిషిలాగా, అవసరం ఉన్నా లేకపోయినా దాన్ని పెట్టుకునే తిరిగేవారు.

సగటులను పక్కనపెట్టి, పల్లెల నుంచి వచ్చిన అసలు కొలతలను తెరిచాను. ఒక్క చిన్న చేప కూడా లేదు. పెద్దవి, ఇంకా పెద్దవి, అంతే. పిల్లలే లేని ఊళ్ళో పెద్దవాళ్ళు ఏటేటా ఎత్తు పెరుగుతున్నారన్నమాట. ఈ అద్భుతాన్ని కార్యాలయంలో ఎవరూ గమనించలేదు. అందరూ గీతను చూశారు, దాని కింద ఉన్నవాటిని చూడలేదు.

గూడూరు మీదుగా తూర్పుకు తిరిగి, రోడ్డు ఇసుకలో కలిసిపోయే చోట ఉన్న పల్లెకు వెళ్ళాను. బోట్లు అప్పుడే ఒడ్డెక్కాయి. మా ఒప్పంద ఉద్యోగి, నడివయసు మనిషి, ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చొని ఉన్నాడు. ఒడిలో కొలబద్ద పలక. ఎదురుగా, భర్త బోటులో పడిన చేపలను వేలం వేయించే ఆమె. ఊరంతా ఆమెను అక్కా అనే పిలుస్తారు. ఆమె గంపలోనుంచి ఒక కానాగడతను ఏరి, సముద్రపు నీటిలో కడిగి, కొంగుతో తుడిచి పలక మీద పెడుతున్నది.

"ఇదిగో అబ్బయ్యా, ఇది కొలువు. ఎట్టా నిగనిగలాడతా ఉండాదో చూడు, పెళ్ళికూతురు మాదిరి."

"అక్కా, గంప అడుగున ఉన్నవి కూడా కొలవాలి కదా?" అని అడిగాను.

"అవా? అవీ ఒక చేపలేనా మేడమ్మా? మీరు సర్కారోళ్ళు. మా ఊరికి వచ్చినోళ్ళ ముందర ఆ చెత్త పోస్తే మా పరువేం కాను?"

పక్కన రొయ్యలు ఏరుతున్న ఆమె తల ఎత్తకుండానే అందుకుంది. "ఆయమ్మ కూతురికి సంబంధం చూసేదానికి వచ్చినప్పుడు కూడా పిల్లని ఇంత సింగారించలేదు మేడమ్మా! ఆ పిల్లోడు పారిపోయినాడు. ఈ సారు మాత్రం వారం వారం వస్తానే ఉండాడు."

ఒడ్డంతా నవ్వింది. కుర్చీలోని సారు కూడా నవ్వి, వెంటనే నన్ను చూసి ఆపుకున్నాడు. "నేను అడగను మేడం. వాళ్ళే ఏరి ఇస్తారు. వద్దంటే కోపం చేసుకుంటారు," అన్నాడు.

అబద్ధం కాదు. ఇందులో మోసగాడు ఎవడూ లేడు. ఇంటికి వచ్చినవాడికి మంచి ముక్క వడ్డించే అలవాటును ఈ ఊరు శాస్త్రానికి కూడా వర్తింపజేసింది. ఈ తీరంలోని తక్కిన ఊళ్ళూ అంతే. ఆ మర్యాదను మా కార్యాలయం సగటు కట్టింది, గీత గీసింది, విధానంగా మార్చబోతున్నది.

దగ్గరలోనే నీలిరంగు పట్ట కప్పిన ఒక కుప్ప ఉన్నది. కోళ్ళ దాణాకు పోయే చేప అది. దాన్ని కొలవాలన్నాను. అక్క ముఖం ముడుచుకున్నది.

"ఎందుకు మేడమ్మా?"

ఎందుకో చెప్పాను. పలక మీద పెట్టిన పెళ్ళికూతుళ్ళను చూసి మా వాళ్ళు సముద్రం నిండుగా ఉన్నదని రాస్తున్నారని, నిండుగా ఉంటే పెద్ద బోట్లు ఈ ఒడ్డుకు రావచ్చునంటున్నారని చెప్పాను. ఆమె చేతిలోని చేపను మళ్ళీ గంపలో వేసింది.

"పెద్ద చేప చూపిస్తే మా ఊరి మీద మంచిమాట రాస్తారనుకుంటిమే," అన్నది. తానే పట్ట అంచు పట్టుకున్నది. "ఫోటోలు మాత్రం తీయబాకండి."

ఏరకుండా, పారతో ఎక్కడ పడితే అక్కడ ఎత్తి కొలిపించాను. వేలెడు పొడవు కానాగడతలు, కవళ్ళు, ఒకసారి కూడా గుడ్డు పెట్టని చేపలు. మాకు చేసిన అతిథి మర్యాదలో ఇన్నేళ్ళూ కనిపించని పిల్లలు ఇక్కడున్నారు. ఆడవాళ్ళు అటు తిరిగి కూర్చున్నారు, తమ ఇంటి గుట్టును ఎవరో వీధిలో ఆరేస్తున్నట్టు.

చుట్టుపక్కల పల్లెల కుప్పలనూ ఇలాగే కొలిపించి, నమూనాను మళ్ళీ నడిపాను. గీత కిందికి వంగింది.

"ఇది మన ధోరణికి విరుద్ధంగా ఉంది మేడం," అన్నారు అధికారి.

"ధోరణే తప్పు సార్."

"కానీ ధోరణి పైకి వెళ్ళిపోయింది కదా!"

ఆయన ఉద్దేశం గీత పైకి వెళ్ళిందని కాదు, రాజధానిలోని పై కార్యాలయానికి వెళ్ళిందని. ఒకసారి పైకి పోయిన చేప తిరిగి చిన్నదవడానికి ప్రభుత్వంలో దారి లేదు. అయితే పైన కూర్చున్న నిపుణుడొకరు, ఎందుకో గాని తన పని తాను చేసి, అసలు కొలతలు చూపమన్నారు. చూసి, హద్దు జరిపే ప్రతిపాదనను పక్కన పెట్టించారు.

నేను సంతోషించింది ఒక్క పూటే. సాయంత్రానికి మా అధికారి కొత్త ఉత్సాహంతో కనిపించారు. "అయితే ఈ పిల్ల చేపలను పడుతున్నదెవరు మేడం? ఆ పల్లెల వాళ్ళే కదా!" చిన్న బోట్ల వలలు పరీక్షించాలని, కన్ను చిన్నదైన వలలు స్వాధీనం చేసుకోవాలని ఉత్తర్వు రాయించారు. మరబోట్ల జెట్టీలో కుప్పలను ఎవరు కొలిచారని అడిగాను. అక్కడ కొలతకు యజమానులు ఒప్పుకోరన్నారు. ఒప్పుకోనివాడి చేప లెక్కలోకి రాదు, పట్ట ఎత్తి చూపినవాడి వల పోతుంది. ఇదీ మా పర్యావరణ వ్యవస్థ.

ఆ ఉత్తర్వు సంగతి అక్కకు నేనే వెళ్ళి చెప్పాను. ఆమె వల బాగుచేస్తున్నది. పూర్తిగా విన్నది.

"చేప పెద్దదంటే బోట్లు వస్తాయి. చిన్నదంటే వల పోతుంది. మేం బతికేదానికి సరిపోయే సైజు ఏదన్నా మీ కంప్యూటర్లో ఉండాదా మేడమ్మా?"

ఉన్నదన్నాను. వానలు వెలిసిన తరువాత కొన్ని వారాలు పిల్ల చేప ఒడ్డు దగ్గరే మేస్తుంది. ఆ వారాల్లో అక్కడ వల వేయకుండా, తక్కిన రోజుల్లో పెద్ద కన్ను వలలు వాడితే చేప ఒక్కసారైనా గుడ్డు పెడుతుంది. నమూనా నిజంగా పనికివచ్చే మాట చెప్పింది అదొక్కటే. అదేమో ఉత్తర్వులో లేదు.

"మేం ఆపుతాం. వాళ్ళు ఆపుతారా?"

జెట్టీలో ఏమి దిగుతున్నదో మాకు తెలియదన్నాను.

"అయితే ముందు మీ పలక ఆడికి తీసకపోండి. ఆడ కొలిచిందాకా మా కుప్ప మీద పట్ట ఎత్తం. పెళ్ళికూతుళ్ళనీ చూపించం," అన్నది. వల వంక వంగి మళ్ళీ ముడి వేసుకున్నది.

తక్కిన పల్లెలూ ఆమె మాటే పట్టుకున్నాయి. మరుసటి నివేదికలో పొడవుల గడి ఖాళీగా ఉండిపోయింది. నిరుటి సగటు వేసి నింపమన్నారు అధికారి. నేను వేయలేదు. కారణం ఆ గడి కిందనే రాశాను.

"ఖాళీగా పంపితే పైవాళ్ళు ఏమనుకుంటారు?"

"జెట్టీలో కొలవలేదనుకుంటారు సార్."

ఖాళీ గడికి భయపడినంతగా ఆ మనిషి ఖాళీ సముద్రానికి ఎన్నడూ భయపడలేదు. చివరికి జెట్టీ యజమానులకు ఫోన్ చేసి ఒప్పించారు, అక్కడ కొలత అయ్యేదాకా వలల ఉత్తర్వును ఆపారు, నా అనుమతి పత్రం మీద సంతకం చేశారు.

ఆ సంగతి అక్కకు ఫోన్లో చెప్పాను.

"మేమూ వస్తాం మేడమ్మా. పార మేమే వేస్తాం," అన్నది. "ఆ జెట్టీ వోళ్ళకి మాత్రం మర్యాదలు తెలవకుండా ఉంటాయా?"