పూర్ణచంద్రరావు గారి ట్రాక్ టైర్లు

రేపల్లెలో రైస్ మిల్లున్న పూర్ణచంద్రరావుకి యాభై దాటాక ఓ కోరిక పుట్టింది. చెన్నై దగ్గరి రేసు ట్రాక్ మీద తన కారు తనే తోలాలి. పోటీ ఏం కాదు. ఫీజు కడితే ఓ పూట తిరగనిస్తారు, అంతే. కానీ ఈయనకి అదే లోకమైపోయింది. జీవితమంతా ధాన్యం ట్రాక్టర్ల వెనకాల హారన్ కొడుతూ బతికాడు మరి! ఎదురుగా ఎవరూ లేని రోడ్డు మీద ఒక్కసారైనా యాక్సిలరేటరు అదిమి తొక్కాలనుకోవడంలో తప్పేముంది?

టైర్ల ఎంపిక మాత్రం అల్లుణ్ణి వెతికినంత శ్రద్ధగా చేశాడు. గట్టి రబ్బరు మన్నుతుంది, మలుపులో జారుతుంది. మెత్తటిది వేడెక్కి రోడ్డుని కరుచుకుంటుంది, కానీ ఇట్టే అరిగిపోతుంది. మెత్తటివే ఖాయం చేశాడు.

"మా దగ్గరే ఉంచండి సార్, వచ్చిన రోజు బిగిద్దాం," అన్నాడు చెన్నై డీలరు ఫోన్లో.

"మీ దగ్గరుంటే మావాళ్ళు చూసేదెట్టాగండీ?" అన్నాడు పూర్ణచంద్రరావు. వెటకారం కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

అలా టైర్లు తెనాలి వచ్చాయి. అక్కడి మెకానిక్ నౌషాద్ తన షాపులో బిగించి, చక్రాల పైభాగం కాస్త లోపలికి వాలేట్టు పెట్టాడు. ట్రాక్ మలుపుల్లో టైరు మొత్తం నేలకి ఆనాలంటే అలా వాల్చాలి. గాలి మాత్రం తక్కువే కొట్టాడు.

"తక్కువా? మనకేం తక్కువరా నౌషాదూ?"

"వేడెక్కితే అదే పెరుగుద్ది బాబాయ్ గారూ!"

నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. కొబ్బరికాయ కొట్టారు. నౌషాద్ కారు పక్కన నిలబడి ఫొటో దిగి, షాపుకి కళొచ్చిందని సాయంత్రం దాకా దాన్ని కదలనివ్వలేదు.

ఇక మొదలైంది అసలు తిరుగుడు. కొత్త వస్తువు కొంటే చుట్టాలకి చూపించాలి, అదీ పెద్దరికం వరసలో. ముందు తెనాలిలోనే ఉన్న మేనత్త వెంకటరత్నమ్మ. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, "చక్రాలు దొడ్డికాళ్ళల్లే ఉన్నాయేంట్రా? ఎవడో నిన్ను ముంచాడు!" అంది. తర్వాత బాపట్లలో బావగారు సుందరయ్య. వెళ్ళేసరికి ఆయన ఇంట్లో లేడు, మళ్ళీ వెళ్ళాల్సొచ్చింది. ఆయన ఊరికే చూసి ఊరుకునే రకమా? సముద్రం దాకా తిప్పమన్నాడు. ఆ సంగతి తెలిసి కారంచేడు వియ్యాలవారు మూతి ముడిచారు. వాళ్ళ అలక తీర్చడానికి అటో ప్రయాణం! ఇలా నెల గడిచింది.

వాలిన చక్రం తిన్నని రోడ్డు మీద లోపలి అంచు మీదే నడుస్తుంది. మన రోడ్లేమో కాలవ గట్ల వెంట తిన్నగా పోతాయి. రోజూ కడిగి మెరిపించింది బయటి వైపే గానీ, లోపలి వైపు ఎవరు వంగి చూస్తారు?

చెన్నైలో చూశారు. భార్య ఆదిలక్ష్మిని పక్కన కూర్చోబెట్టుకుని, తెల్లవారేసరికి ట్రాక్ గేటు దగ్గరున్నాడు పూర్ణచంద్రరావు. కార్లు తనిఖీ చేసే ఆయన టైరు లోపలి అంచు తడిమి, చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. రబ్బరంతా పోయి తీగలు బయటపడ్డాయి.

"ఎక్కడ తిప్పారు సార్, ఇంతలా అరిగాయి? ఏ ట్రాక్?"

చుట్టాలిళ్ళకి అని చెప్పలేక, "మా వైపేనండీ," అని గొణిగాడు పూర్ణచంద్రరావు.

"వీటితో లోపలికి పంపలేనండి. పేలితే ప్రాణాలు పోతాయి."

తల కొట్టేసినట్టయింది పూర్ణచంద్రరావుకి. కంచె అవతల మిగతా కార్లు రయ్యిమని పోతున్నాయి. ఎదురుగా ఎవరూ లేని ఆ నల్లటి రోడ్డుని చూస్తూ నిలబడిపోయాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, భార్య చూస్తుందని కూడా తుడుచుకోలేదు.

ఆదిలక్ష్మికి ప్రాణం ఉసూరుమంది. భుజం మీద చెయ్యేసి మెల్లగా అంది: "ఊరుకోండి. ఇంకో సెట్టు కొందాం. ఈసారి ఎవ్వరికీ చెప్పొద్దు, చూపించొద్దు. తిన్నగా ఇక్కడికే వచ్చి బిగించుకుని, మీ కరువు తీరా తిరుగుదురు గానీ."

ఆయన బిత్తరపోయి ఆవిడ వైపు తిరిగాడు.

"ఎవరికీ చెప్పకుండానా? అయితే ఇంక కొనడం ఎందుకే?"