పెద్దబాపు మాట్లాడిన మూడు మాటలు

పెద్దబాపు పోయాడని మంగళవారం పొద్దున అవ్వ ఫోన్ చేసింది. హనుమకొండలో, హాస్టల్ మెస్ లైన్లో ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నాను. "నిన్నటిదాక మంచిగనే ఉండె బిడ్డా. చాయ్ తాగి పన్నడు, మల్ల లేవలే" అంది. నాకు మొదట గుర్తొచ్చింది, ఆయన చేతిలోంచి నేను లాక్కున్న మైకు.

మంచిర్యాల దగ్గరి బొగ్గుబాయి కాలనీలో మావి పక్కపక్క క్వార్టర్లు. సొంత పెదనాన్న కాదు. ఆసిఫాబాద్ దిక్కు నుంచి వచ్చి, రిటైరయ్యేదాకా బాయిలో, అంటే గనిలో, దిగినవాడు. లోపల పని మొదలుపెట్టే ముందు కర్రతో పైకప్పును కొట్టి చప్పుడు వినాలి. గట్టిగా మోగితే పని, డొల్లగా మోగితే అందరూ వెనక్కి. రిటైరైనా ఆ అలవాటు పోలేదు. మా ఇంటికొస్తే చెప్పులు విడవకముందే చేతికర్రతో గుమ్మం మీద రెండు దెబ్బలు కొట్టి, "జర సూస్కోవాలె గద" అని నవ్వేవాడు.

నేను కరపత్రాలు చదివి పెరిగినవాణ్ని. బాయి గేటు దగ్గర యూనియన్ వాళ్లు పంచినవాటిని మడత నలగకుండా తెచ్చి ఇచ్చింది ఆయనే. ఆయనకు చదవడం రాదు. "ఏం రాసిండ్రో సదివి జెప్పు కొడుకా" అనేవాడు. ఎంత పొడుగున్నా చివరిదాకా వినేవాడు. ఒక్కనాడూ మధ్యలో ఆపలేదు.

యూనివర్సిటీలో నా రెండో ఏడు, విద్యార్థుల సభకు ఆయనను పిలిపించాను. "నేను సదువుకోలే, గాడ ఏం మాట్లాడాలె?" అన్నాడు. పట్టుబట్టి నేనే వెళ్లి తీసుకొచ్చాను. ప్యాసింజర్ రైల్లో కాజీపేట దాకా ఏం మాట్లాడాలో పాఠం చెబుతూనే ఉన్నాను. ఎదురొచ్చే బొగ్గు వ్యాగన్లను చూస్తూ ఆయన ఊ కొట్టాడు.

సభకు టైముందని వేయిస్తంభాల గుడి చూపించాను. తలెత్తి పైకప్పు చూశాడు. ఒక స్తంభాన్ని చేతికర్రతో మెల్లగా కొట్టి చెవి ఆనించాడు. వాచ్‌మన్ ఉరికొచ్చాడు.

"ఓ పెద్దమనిషీ, గుళ్లె గా కొట్టుడేంది?"

"నువ్వు దినాం గీ కప్పు కిందనే కూసుంటవ్ గద తమ్మీ. ఫికర్ జెయ్యకు, మంచిగుంది."

వాచ్‌మన్ నవ్వాడు. నేను మాత్రం రాజులు పేదల నెత్తురు పిండి కట్టించిన గుళ్లంటూ అందుకున్నాను. అంతా విని, "కట్టినోడు మనసొంటోడే గదరా. పానం పెట్టి కట్టిండు" అన్నాడు. తర్వాత చూసిన కోటలోనూ అంతే. పడిపోయిన రాళ్ల మధ్య తిరుగుతూ, ఇంతింత రాళ్లను ఎట్లా ఎత్తారని అడిగాడు. నా కరపత్రాల్లో ఆ సంగతి లేదు. తెలియదనలేక విసుక్కున్నాను.

సాయంత్రం సభలో మైకు చేత పట్టుకుని ఆయన మూడు మాటలన్నాడు. "నాకు బాయంటే బయం లేకుండె. దిగంగనే మొదలు ఇనాలె. ఇన్నంకనే పని జెయ్యాలె."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను నేర్పిన మాట ఒక్కటీ రాలేదు. లేచి మైకు లాక్కున్నాను. "ఈయనకు ఇంకా చైతన్యం రాలేదు, కార్మికుల అసలు బాధ నేను చెబుతాను" అన్నాను. గంటసేపు చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆయన కుర్చీ అంచున, చేతులు ఒళ్లో పెట్టుకుని, నేను చెప్పిందంతా విన్నాడు.

స్టేషన్లో, "మంచిగ మాట్లాడినవ్ కొడుకా. జర నీళ్లు తాగు, గొంతు పోయింది" అని తన సీసా ఇచ్చాడు. తాగాను. తప్పయిందని అనలేదు. తర్వాత ఇంటికి వెళ్లినప్పుడల్లా రేపు చెబుదామనుకున్నాను. మా మధ్య ఉన్నది ఒక్క గోడ.

పదకొండో రోజు వాళ్లింటికి వెళ్లాను. ఆయనతో బాయిలో దిగినవాళ్లు నలుగురు చాపల మీద కూర్చున్నారు. ఆయన భార్య పెద్దవ్వ జరిగి నాకు చోటిచ్చింది.

"వచ్చినవా బిడ్డా. మీ పెద్దబాపు యూనివర్సిటీల గంటసేపు మాట్లాడిండట గద. పోరగాండ్లు సప్పట్లు గొట్టిండ్రట. వాడకట్టంత జెప్పుకున్నడు."

ఆమె చూపిన చోట కూర్చున్నాను.

"ఏం మాట్లాడినవయ్యా అంటె మాత్రం జెప్పకపోయేటోడు. 'వాన్నే అడుగు, వానికెరుక' అనేటోడు. నువ్వన్న జెప్పు."

చాపల మీద మాటలు ఆగిపోయాయి. మూలనున్న ముసలాయన బీడీ ఆర్పేశాడు. పెద్దవ్వ కొంగు చెవి వెనక్కి నెట్టుకుని, నా నోటి వైపే చూస్తూ కూర్చుంది.