మేకు కొట్టని బాబాయి

బాబాయి తన జన్మలో గోడకు ఒక్క మేకు కొట్టి ఎరగడు. ఏదైనా స్క్రూతోనే బిగించాలి, అదీ వేలితో తిప్పితే ఊడొచ్చేలా. ఎవరైనా మేకు పట్టుకుని కనిపిస్తే చాలు, ప్రాణం పోయినట్టు అడిగేవాడు: "రేపు తీసేయాల్సొస్తే?"

ఆ ప్రశ్న ఆయనకు ఊతపదం. కొత్త చొక్కా చీటీ కత్తిరించనిచ్చేవాడు కాదు. కుర్చీ వచ్చిన అట్టపెట్టె కుర్చీకంటే భద్రంగా అటక మీద ఉండేది. పిన్ని ఓసారి ఉండబట్టలేక అడిగేసింది.

"నన్ను చేసుకునేటప్పుడు ఈ అనుమానం రాలేదా మీకు?"

"అదొక్కటే ఆలోచించకుండా చేశాను," అన్నాడు బాబాయి, పేపరు మీంచి తలెత్తకుండా. పిన్ని మూతి తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళింది గానీ ఆ పూటంతా కూనిరాగాలు తీస్తూనే ఉంది.

ఈ చాదస్తానికి జీతమిచ్చే ఆఫీసు కూడా ఒకటి దొరికింది. ఆసుపత్రి వార్డుల్లో మందుల మోతాదు చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాన్ని తయారుచేసేది ఎవరో బయటివాళ్ళు. వీళ్ళ ఆఫీసు దాన్ని తెచ్చుకుని, తమ ఆసుపత్రులకు తగ్గట్టు అక్కడక్కడా మార్పులు చేసి ఇస్తుంది. ఆ మార్పులనే ప్యాచ్‌లంటారు. బయటివాళ్ళు కొత్త వెర్షన్ వదిలినప్పుడల్లా ఈ ప్యాచ్‌లన్నీ తీసి కొత్తదాని మీద మళ్ళీ అతికించాలి. ఎవరు ఏం మార్చారో, ఎందుకు మార్చారో గిట్ అనే పద్ధతిలో దాచిపెడతారు. అక్కడ బాబాయిని అందరూ 'తీసేయాల్సొస్తే గారు' అని పిలిచేవాళ్ళు. ఆయన పక్క కుర్చీలోనే అన్నగారమ్మాయి కూడా పనిచేసేది.

"అక్షరాలు పెద్దవి చేశావు, తేదీ సరిచేశావు. రెండూ ఒకే ప్యాచ్‌లో ఎందుకు కలిపావే?"

"రెండూ ఒకే ఫైల్లో ఉన్నాయి బాబాయ్. ఒకే పూట చేశాను."

"రేపు తేదీ ఒక్కటే తీసేయాల్సొస్తే?"

"ఎందుకు తీసేస్తాం?"

"ఆ తప్పు బయటివాళ్ళే దిద్దుకుంటే మనది తీసేయాలిగా. దాంతోపాటు అక్షరాలూ ఊడొస్తాయి. విడదీయి."

అమ్మాయి లోపల్లోపల తిట్టుకుంటూ విడదీసింది. చివరి ఏడాది ఆయన మరీ కొరకరాని కొయ్య అయిపోయాడు. తను ఎన్నడో చేసిన ప్యాచ్‌లన్నీ ఆమె ముందు పోసి, కలిసిపోయినవాటిని విడగొట్టించాడు, ప్రతిదానికీ కారణం రాయించాడు. దగ్గుతూనే తప్పులు పట్టాడు. అమ్మాయికి ఒళ్ళు మండి, కొన్నాళ్ళు మాట్లాడడం మానేసింది.

"బాబాయికి చాదస్తం ముదిరింది పిన్నీ," అని ఇంటికెళ్ళి ఫిర్యాదు చేసింది.

పిన్ని ఎప్పట్లా వంత పాడలేదు. "ఈ ఒక్కసారికి చెప్పినట్టు చెయ్యమ్మా," అంది. డాక్టరు చెప్పిన సంగతి అప్పటికే పిన్నికి తెలుసు. బాబాయి ఎవరికీ చెప్పొద్దన్నాడు.

ఆ తర్వాత ఎంతో కాలం లేడు.

ఆయన పోయిన కొద్దిరోజులకే కొత్త వెర్షన్ వచ్చింది. పాతదాంట్లో మోతాదు తప్పు చూపించే లోపం బయటపడిందట. వార్డుల్లో మనుషులున్నారు, ఈ వారంలో ఎక్కించి తీరాలన్నాడు మేనేజరు. బాబాయి లేకుండా అమ్మాయి ఎప్పుడూ ఈ పని చేయలేదు. ఖాళీ కుర్చీ పక్కన కూర్చుని మొదలుపెట్టింది. తను ఒకటి తప్పుగా అతికిస్తే ఎక్కడో ఒక నర్సు తప్పు మోతాదు ఇస్తుంది.

మొదటి ప్యాచ్ ఎక్కింది. తర్వాతదీ, ఆ తర్వాతదీ ఎక్కాయి. తేదీ దగ్గర ఆగిపోయింది. తీరా చూస్తే, బయటివాళ్ళు ఆ తప్పు తామే దిద్దుకున్నారు. ఆ ఒక్క ప్యాచ్ తీసేసింది. అక్షరాలు చెక్కుచెదరలేదు. మిగతావన్నీ వచ్చి వాటి చోట కూర్చున్నాయి. పరీక్షలన్నీ సరిగ్గా తేలాయి.

"అంత తేలిగ్గా అయిపోయిందా?" అన్నాడు మేనేజరు.

"బాబాయి ముందే విడదీయించాడు సార్," అంటూనే ఏడ్చేసింది. ఆ ఏడాదంతా ఆయన సతాయించింది చాదస్తం కొద్దీ కాదు. తను పోయాక ఈ పిల్ల ఇరుక్కోకూడదని. ఆఫీసులోంచి తనను ఎక్కడా చిరుగు పడకుండా తీసేయడానికి వీలుగా అన్నీ సర్దుకుని వెళ్ళాడు. ఆ సంగతి తెలియక అమ్మాయి ఆయనతో మాట్లాడడమే మానేసింది.

ఆదివారం పిన్ని దగ్గరికి వెళ్ళింది. బాబాయి ఫొటో ఫ్రేము కట్టించి ఉంది. ఇంట్లో సుత్తి ఎప్పుడూ లేదు కాబట్టి పిన్ని పక్కింట్లో అడిగి తెచ్చింది.

"సుత్తెందుకు పిన్నీ, స్క్రూ బిగిస్తాను. రేపు తీసేయా..." అమ్మాయి మాట మధ్యలోనే ఆగింది.

"మేకే కొట్టు," అంది పిన్ని. "ఈ ఒక్కటీ తీసేది లేదు."

అమ్మాయి స్టూలెక్కి కొట్టింది. అలవాటు లేని చెయ్యేమో, మేకు వంకరగా దిగింది. గోడ పెచ్చొకటి ఊడి పిన్ని కాళ్ళ దగ్గర పడింది. పిన్ని దాన్ని చూసి, చేతిలో ఉన్న ఫొటోను చూసి, కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది.

"అలా చూడకండి. ఇది కూడా ఆలోచించకుండానే చేస్తున్నాం," అని ఆయనకు చెప్పింది.

అమ్మాయి ఇంకో దెబ్బ వేసింది.